గుల్లచేపలకు మంచినీళ్లు

పదకొండు కొట్టేసరికి కరెంటు పోయింది. తొట్టిలో బుడగలు ఆగిపోయి ఇల్లంతా చెవులు మూసుకున్నట్టయింది. గాజుతొట్టి ముందు చిన్నపీట వేసుకుని కూర్చున్న ప్రశాంతికి వినపడవలసింది వెనక బల్ల మీది ఫోను, అది మోగడం లేదు. కనపడవలసింది ముందున్న చేపలు, అవి బయటికి రావడం లేదు. నలభై నత్తగుల్లలు ఇసుకలో పెదవుల దాకా కూరుకుని నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. ఒక్కో గుల్లలో ఒక్కో చేప, వేలికణుపంత, ఒంటి మీద సన్నటి అడ్డగీతలు. మామూలుగా అయితే మనిషి నీడ పడగానే, నీళ్ల ట్యాంకరు హారన్ విన్న ఆడవాళ్లలాగా ఒక్కొక్కటీ గుమ్మంలోకి వచ్చి నిలబడతాయి, మేత పడేలోపల పక్కింటిదానితో ఒక పోట్లాట కూడా పెట్టుకుంటాయి. ఈ పొద్దు ఎనిమిదింటికి లోపలికి పోయినవి పోయినట్టే ఉన్నాయి. గుల్ల లోపల మెలిక తిరిగిన చీకటి, ఎంత వంగి చూసినా అందులో ఉన్నది ఊపిరి తీస్తోందో లేదో తెలియదు. వెల్లూరులో ఆపరేషన్ గది తలుపు కూడా అంతేనట, బయట కూర్చున్నవాళ్లకు ఏమీ తెలియదట. మరిది అమర్‌నాథ్ ఏడింటికి ఫోన్ చేసి చెప్పిన ఆఖరి మాట, "ఇద్దర్నీ లోపలికి తీసకపోయినారు వదినా, ఇంక మనం చేసేదేమీ లేదంట."

మనం చేసేదేమీ లేదు. ఏడాదిగా ఈ ముక్క వినీ వినీ ఆమెకు అరిగిపోయింది. హరినాథ్ మూత్రపిండాలు రెండూ చెడిపోయాయని చెప్పిన నాడు, నాది తీసుకోండని మొదట అడిగింది ఆమే. రక్తం తీసి చూశారు. అతనిది ఓ, ఆమెది బి. కుదరదు పొమ్మన్నారు. పెళ్లికి ముందు పదికి తొమ్మిది పొంతనలు కుదిరాయని పెద్దవాళ్లు ఎంత మురిసిపోయారో, అంత పెద్ద పంచాంగంలో రక్తానికి ఒక గడి పెట్టాలని ఒక్కరికీ తోచలేదు, పదహారేళ్లు ఒక వంట తిని ఒక గదిలో పడుకున్నా రక్తం మాత్రం ఎవరిది వాళ్లదే. అత్త భారతమ్మది కుదిరింది. యాభైఎనిమిదేళ్ల మనిషి, బంగారుపాళ్యం దాటి పోయిందే తక్కువ, డాక్టరు ఎదురుగా కాళ్లు బారజాపుకుని, "రెండుండాయి కదప్పా, ఒకటి వానికి పెట్టండి. ఒకసారి కన్నదాన్ని, రెండోసారి ఇయ్యలేనా," అని తేల్చేసింది. ప్రశాంతి ఆ మాటకు ఏడ్చింది, ఏడుస్తూనే లోపల ఎక్కడో కుళ్లుకుంది కూడా. ఇవ్వడానికి తన దగ్గర ఏమీ లేకపోయింది కదా అని. చివరికి తోడుగా పోయే భాగ్యం కూడా లేదు, నందినికి పదో తరగతి పరీక్షలు. ఈ రోజే ఆఖరిది, సాంఘికశాస్త్రం. నాయన పరీక్షలు చేయించుకోవడానికి పోయినాడని మాత్రమే పిల్లకు చెప్పారు, నాయనమ్మ తోడుగా పోయిందన్నారు, ఆపరేషన్ మాట ఎత్తలేదు. పన్నెండున్నరకు అది సైకిలు దిగి వస్తుంది. ఆలోపల ఫోన్ రావాలి, ఆలోపల ఇవి కూడా బయటికి రావాలి.

ఇవి ఎందుకు రావాలి? వాటికీ వీళ్లకూ ఏమిటి సంబంధం? ఏమీ లేదని ఆమెకు తెలుసు. తెలిసినా, మనసు ముడి వేసేశాక విప్పడం చేతకాదు. ముడి వేసుకున్నది తనే, పొద్దున ఏడూ పదికి. అసలు ఈ రోజు నీళ్లదినం కాకపోయి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. చిత్తూరులో ఆ ఏడు మంచినీళ్లు తొమ్మిది రోజులకొకసారి, అదీ గంట. తెల్లవారి ఐదింటికి నీళ్లు పైకెక్కవని తవ్వుకున్న గుంటలో కుళాయి దగ్గర దిగి, డ్రమ్ములూ బిందెలూ కుక్కర్లూ టిఫిన్ క్యారియర్ గిన్నెలూ నింపి, పక్కింటి వరలక్ష్మమ్మకు పైపు అందించి, చీర పిండుకుని లోపలికి వచ్చేసరికి అమర్‌నాథ్ ఫోన్. ఫోన్ పెట్టేసి చుట్టూ చూసింది. పొయ్యి మీద ఏమీ లేదు, పిల్లకు జడ వేయడం అయిపోయింది, ఇల్లు ఊడ్చడం అయిపోయింది, చేతులకు పని లేదు. అప్పుడు తొట్టి కనపడింది. హరినాథ్ వెళ్లి వారమైంది, ఎండకు నీళ్లు నాలుగు వేళ్లు దిగిపోయి గాజు మీద తెల్లగా ఉప్పుగార కట్టింది. పాపం, ఆయన ప్రాణంగా పెంచుకున్న జీవాలు, ఇన్ని నెలలుగా ఆ పాడు బోరునీళ్లలోనే ఉన్నాయి. ఇంట్లో బట్టలకూ దొడ్డికీ వాడే నీళ్లు, బకెట్‌నే కొరికేసే నీళ్లు, ఆయన మూత్రపిండాలను తిన్నది కూడా ఆ నీళ్లేనని భారతమ్మ ఒట్టేసి చెప్పే నీళ్లు. నీళ్లదినం నాడు మొదటి బిందె దేవుడి దగ్గర పెట్టడం ఆ ఇంటి ఆచారం. ఆ బిందెనే ఎత్తుకొచ్చింది. స్వామీ, ఇవి మంచినీళ్లు తాగుతాయి, ఆయన బతికొచ్చి మంచినీళ్లు తాగాల, అనుకుంటూ మొత్తం వంచింది. చాలక ఇంకో అర బిందె. వంచుతున్నంతసేపూ ఏడాదిలో మొదటిసారి తనూ ఒకటి ఇచ్చినట్టనిపించింది. తొట్టి అంచుదాకా నిండి తళతళలాడింది. బ్లీచింగ్ వాసన కూడా ఆమెకు శుభ్రంగానే తోచింది.

ఆయన తాగడానికి నోచుకోని నీళ్లు కదా. డాక్టరు చెప్పిన లెక్క రోజుకు మూడు గ్లాసులు, అంతే, మందులకు మింగేదానితో కలిపి. మార్చిలో, చిత్తూరులో, మూడు గ్లాసులు. అప్పుడే కదా ఈ తొట్టి పిచ్చి పట్టింది. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ల్యాబు పని, రోజుకు వంద శాంపిళ్లు పులుపు చూసే మనిషి, వారానికి రెండుసార్లు వెల్లూరు పోయి రక్తం కడిగించుకు రావాల్సి వచ్చేసరికి లీవు పెట్టి ఇంట్లో కూర్చున్నాడు. ఊరికే కూర్చోలేడు. ఎక్కడో ఆఫ్రికాలో సముద్రమంత చెరువుందట, దాని అడుగున ఖాళీ నత్తగుల్లలు ఊళ్లకు ఊళ్లుగా పడి ఉంటాయట, ఆ గుల్లల్లో కాపురముండే చేపలు మద్రాసులో కొళత్తూరు సంతకు వచ్చాయట. వాటికి కావలసింది మన బోరునీళ్లలాంటి గట్టినీళ్లేనని చెప్పి నవ్వాడు, "లోకంలో మన నీళ్లు మెచ్చేవి కూడా ఉండాయి, సూడు." గుల్లలకు మాత్రం మద్రాసు పోనక్కర్లేదు. మూడేళ్లుగా వాన లేదు, ఊళ్లో చెరువు ఎండి నెర్రెలిచ్చి, ఆ నెర్రెల మధ్య చచ్చిన నత్తల గుల్లలు బుట్టలకొద్దీ ఎత్తుకోవచ్చు. స్కూటర్ మీద ఇద్దరూ పోయి ఏరుకొచ్చారు. ఎండలో ఆయన నడవలేక గట్టు మీద కూర్చుని, అది కాదు, దాని పక్కది, మూతి పగలనిది అని కేకలేస్తుంటే తనే వంగి వంగి ఏరింది. అదే చెరువులో చిన్నప్పుడు ఈదాడట. అలా చెబుతూ చెబుతూ ఆగిపోయాడు. తను కూడా తలెత్తలేదు, గుల్లలే ఏరింది. తనకు తెలియకుండా కళ్లనీళ్లు ఆ మట్టిలో పడ్డాయి, చెరువుకు ఆ ఏడు దక్కిన నీళ్లు అవేనేమో.

తర్వాత ఆ గుల్లల్ని రసం గిన్నెలో ఉడకేశాడు. ఇల్లంతా చెరువు అడుగు వాసన. ఆ గిన్నెలో ఇంక నేను వండను, మీరే ఉంచుకోండి మీ నత్తల రసం, అని రెండు రోజులు మాట్లాడలేదు. ఆ రెండు రోజులు ఇప్పుడు తిరిగి ఇస్తే బాగుండును. ఊరి పక్క నీవా ఏట్లోంచి సన్న ఇసుక తెచ్చి, బియ్యం జల్లెడతోనే జల్లించి, దానికీ తిట్లు తిని, ఏడుసార్లు కడిగి పరిచాడు. నాలుగేసి గుల్లలు ఒక వరస చొప్పున, కాలనీ ప్లాను గీసినట్టు పేర్చాడు. ల్యాబు నుంచి తెచ్చిన రంగుకాగితం నీళ్లలో ముంచి, మామిడి గుజ్జులో ఎర్రబడేది ఇక్కడ నీలం తిరిగితే పసిపిల్లాడిలాగా చూపించాడు. అమర్‌నాథ్ బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చిన ఎనిమిది చేపల్ని వదిలారు. పొద్దున లేచి చూస్తే ఒక్క వరస లేదు. నోటితో ఇసుక తోడి తోడి గుల్లల్ని తమకు నచ్చిన చోటికి దొర్లించుకుని, నచ్చినంత లోతుకు దించుకున్నాయి. "ఒక్కటన్నా నేను పెట్టిన తావులో ఉంచినాయా సూడు మే," అని పొట్ట పట్టుకుని నవ్వాడు, జబ్బు పడ్డాక అంత నవ్వు అదే. ఎనిమిది నలభై అయ్యాయి. బియ్యపుగింజంత పిల్లలు తల్లి గుల్ల అంచునే తిరిగి, నీడ పడితే తల్లిని తోసుకుని లోపలికి పోయేవి. గంటలు గంటలు అక్కడే కూర్చునేవాడు. ఆయన చూసేది చేపల్నా నీళ్లనా అని ఒక్కోసారి ఆమెకు అనుమానమొచ్చేది, అడగడానికి నోరు వచ్చేది కాదు. అడిగి ఉంటే చెప్పేవాడేమో. ఇంక ఎప్పుడడుగుతుంది?

ఛీ, ఎందుకు అడగదు, వస్తాడు, సాయంత్రానికి కళ్లు తెరుస్తాడు. ఇలాంటి మాట మనసులోకి రాకూడదని కదా ఆ నోటుబుక్కు తెరవలేదు. వెళ్లే ముందురోజు ఆయన చేతిలో పెట్టిన నలభై పేజీల నోటుబుక్కు. "అంతా రాసి పెట్టినాను, సూసుకో," అన్నాడు. అట్ట తిప్పితే మొదటి పేజీ పైన "ప్రశాంతికి" అని ఉంది. బతికున్న మనిషి పక్క గదిలో ఉండగా పెళ్లానికి పేరు పెట్టి రాయడమేమిటి, అది వీలునామాలా కనపడింది. చదివితే ఆయన రాడని ఒప్పుకున్నట్టే అనిపించి బీరువాలో చీరల కింద పెట్టి తాళమేసింది. తొమ్మిదింటికి, చేపలు ఒక్కటీ రాకపోవడం చూశాక, తాళం తీసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. మొదటి పేజీలో: మేత రోజుకొక చిటికె. కరెంటు పోతే చెంబుతో నీళ్లు ముంచి పైనించి పోస్తూ ఉండు, గాలి కలుస్తుంది. పేజీ అడుగున, కింద రెండు గీతలు కొట్టి: నీళ్లు తగ్గితే బోరునీళ్లే పోయాల, మున్సిపాలిటీ నీళ్లు ఒక్క చెంబు కూడా వద్దు, మందు కలిపింటారు, చేపలు తట్టుకోలేవు. ఒక్క చెంబు. ఒకటిన్నర బిందె పోసింది. అంతకు మించి చదవలేక పుస్తకం మూసేసింది.

ఫోన్ మోగింది. పీట తన్నుకుని, మోకాలు బల్లకు కొట్టుకుని ఎత్తింది. ఫ్యాక్టరీ నుంచి రామచంద్ర, హరినాథ్ పక్క బల్ల మనిషి. "ఏమన్నా తెలిసిందామ్మా? ఈడ అందరం అదే అనుకుంటా ఉండాము." ఇంకా లేదన్నా, అంది. ధైర్యంగా ఉండమన్నాడు, దేవుడున్నాడన్నాడు, ఉలవచారు పంపనా అన్నాడు. అతను మంచివాడే, కానీ అతను మాట్లాడుతున్నంతసేపూ లైను ఖాళీ లేదని వెల్లూరులో అమర్‌నాథ్ రిసీవర్ పెట్టేసి ఉంటాడని ఆమె ప్రాణం కొట్టుకుపోయింది. సరేనన్నా, సరేనన్నా అని పెట్టేసింది. గోడ గడియారంలో పదకొండున్నర.

తొట్టిని ఆనుకుని ఉన్న బీరువా మీద నుంచి సెలైన్ ట్యూబు వేలాడుతోంది. ఇదొక్కటి మాత్రం పుస్తకం చూడకుండా తనకు తెలుసు. కొత్త చేపలు వచ్చిన నాడు ఆయన చేస్తే చూసింది. ఆసుపత్రిలో వాడి పారేసేది కడిగి తెచ్చాడు, పైన బకెట్‌లో బోరునీళ్లు, ట్యూబు మధ్యలో చిన్న చక్రం, తిప్పితే ఒక్కో చుక్కగా, సొట్టుసొట్టుగా పడతాయి. గబగబా పోసేస్తే పోలేదా అంటే, "మంచిదైనా సెడ్డదైనా ఒక్కసారిగా మారిస్తే ఆ మార్పే సంపేస్తాది. నా నెత్తురు కూడా అంతే కదా, నాలుగు గంటలు పట్టిస్తారు," అన్నాడు. తొమ్మిదిన్నర నుంచి అదే చేస్తోంది. పాత నీళ్లు చెంబుతో తీసి కింద ఇంకో బకెట్‌లో పోయడం, పైనుంచి బోరునీళ్లు చుక్కలుగా వదలడం, మధ్యమధ్యలో చెంబెత్తి పోసి గాలి కలపడం. నెమ్మదిగా పడాలి, తొందరపడితే చంపుతుంది, ఆలస్యమైతే అవే చస్తాయి. ఎంత నెమ్మది సరైన నెమ్మది? చక్రం ఒక వెంట్రుకవాసి తిప్పుతుంది, భయపడి మళ్లీ బిగిస్తుంది. అక్కడ కూడా ఎవరో ఇలాగే చక్రం తిప్పుతూ ఉంటారు, వాళ్లయినా తెలిసి తిప్పుతారు. మంచికి పోతే చెడు ఎదురైందని ఎవరితో చెప్పుకోవాలి? భారతమ్మకు తెలిస్తే? కాపరానికి వచ్చిన కొత్తలో మంచినీళ్లతో బియ్యం కడిగినందుకు చేతి మీద కొట్టిన మనిషి. మైలు దూరం నుంచి మోసుకొచ్చిన నీళ్లు, కడగడానికి ఉప్పునీళ్లు లేవా, అని. ఆ దెబ్బకు పదేళ్లు కోపం పెట్టుకుంది ప్రశాంతి. మొన్న వెల్లూరు బస్సెక్కే ముందు ఆ చేత్తోనే బుగ్గ తడిమి, "నీళ్లదినం మరిసిపోవద్దు పాపా," అంది. మనిషి తన ఒంట్లోంచి ఒక ముక్క కోయించుకోవడానికి పోతూ కూడా బిందెల లెక్కే. ఇప్పుడు ఆ ముసలమ్మ పక్కటెముక కింద కోసి ఉంటారు, తీసి ఉంటారు, ఒకటి లేకుండా కుట్టేసి ఉంటారు. ఆమె ఇచ్చింది పని చేయాలి. నేను ఇచ్చింది చంపేసినా సరే, ఆమె ఇచ్చింది పని చేయాలి, ముడి తెగిపోనీ స్వామీ, చేపలకూ ఆయనకూ ఏం సంబంధం లేదు, పొద్దున నేనన్నది నేను వెనక్కి తీసుకుంటున్నాను. మొక్కును వెనక్కి తీసుకోవచ్చా? ఆ సంగతి ఎవరినడగాలో కూడా ఆమెకు తెలియదు.

పన్నెండుకు ఐదు నిమిషాలుందనగా ఫోన్ మోగింది. ఈసారి ఆమె వెంటనే లేవలేకపోయింది. మూడు మోతలు మోగాక ఎత్తింది.

"వదినా, నేను. పెట్టినారు. అమ్మది తీసి అన్నకు పెట్టినారు."

"పని చేస్తా ఉండాదా?"

అమర్‌నాథ్ గొంతు తగ్గింది. "ఒంటేలు ఇంకా రాలా. మూత్రం వస్తేనే పని చేసినట్టంట. కొంతమందికి ఆడ ఆపరేషన్ మేజా మీదే వస్తాదంట. అన్నకు రాలా. సూడాలంటా ఉండారు."

"ఎంతసేపు సూడాల?"

"తెలీదంట. ఈ దినం రావచ్చంట, పది దినాలైనా పట్టొచ్చంట. రాకుండా కూడా..." అక్కడ ఆగి, మాట మార్చాడు. "అమ్మ కండ్లు తెరిసినాది. మాట కూడా సరిగ్గా రాలా, అయినా ఏమడిగినాదో తెలుసా? ఈ దినం నీళ్లదినం కదా, కోడలు పిల్ల ఒకతే పట్టుకోగలిగినాదా అని."

"పట్టుకున్నానని చెప్పు. అన్నీ నింపినానని చెప్పు," అంది. దేవుడి దగ్గర ఖాళీగా ఉన్న మొదటి బిందె అక్కడినుంచి కనపడుతూనే ఉంది.

తిరిగి వచ్చి పీట మీద కూర్చుంది. ఒంటేలు రాలేదు. గుల్లల నోళ్లు అలాగే నల్లగా ఉన్నాయి. ఒక్కదాన్ని చూడాలి, ఒక్కదాన్ని ఎత్తి ఊపి చూస్తే తెలిసిపోతుంది, బతికుంటే కదులుతుంది, లేకపోతే జారి పడుతుంది, ఏదో ఒకటి తెలుస్తుంది, తెలియకుండా ఇంకొక్క నిమిషం కూడా తనవల్ల కాదు. జాకెట్టు చేయి తడవకుండా పైకి లాగి తొట్టిలోకి చేయి దింపింది. మోచేయి దాకా చల్లగా తగిలింది. అన్నిటికన్నా పెద్దది, చెరువులో ఆయన కేకేసి మరీ ఏరించినది, దాని వీపు పట్టుకుంది. గుల్ల లోపల చేప ఉన్నా లేకున్నా చేతికి ఒకటే బరువు. ఎత్తబోయేలోపల గేటు దగ్గర సైకిలు స్టాండు వేసిన చప్పుడైంది.

నందిని పరీక్ష అట్టముక్క చంకలో పెట్టుకుని లోపలికి వచ్చింది. "అమ్మా, అన్నీ రాసినా. మ్యాపు ఒకటి తప్పు పోయింటాది." తల్లి చేయి తొట్టిలో ఉండడం చూసింది, పైనుంచి వేలాడే ట్యూబు చూసింది, ఒక్క చేపా బయట లేని గుల్లలు చూసింది. మొహంలో పరీక్ష అయిపోయిన సంతోషం పోయింది. "ఏమైంది వీటికి? నాయన ఫోన్ చేసినాడా?"

ప్రశాంతి చేయి బయటికి తీసి చీరకు తుడుచుకుని, పక్కన పడి ఉన్న నోటుబుక్కు కూతురికి ఇచ్చింది. "చదువు," అంది. "నేను ఒక పేజీకి మించి చదవలేకపోయినా."

నందిని నిలబడే మొదటి పేజీ చదివింది, రెండు గీతలున్న చోట ఆగి తల్లి వైపు చూసింది, పేజీ తిప్పింది. బడిలో పాఠం చదివే గొంతుతోనే మొదలుపెట్టింది.

"ఒకవేళ పోసేసినావంటే ఏడవొద్దు. నీళ్లదినం నాడు నీ చెయ్యి ఊరకుండదని నాకు తెలుసు. నేను కూడా నిన్ను సూసేదానికి మీయమ్మ ఇంటికి వచ్చినప్పుడు నువ్వు మంచినీళ్లు ఇచ్చే కదా నా మనసు..." పిల్ల అక్కడ గొంతు తగ్గించి ఆ వాక్యం దాటేసింది. "బోరునీళ్లు సెలైన్ ట్యూబుతో నిమిషానికి నలభై సొట్లు వదులు. గుల్లలు ఎత్తొద్దు, ఊపొద్దు. బతికుండేది వచ్చేటప్పుడు వస్తాది. పోయినదాన్ని ఊపినా రాదు. కాచుకోని ఉండు. వాటికే కాదు, నాకు కూడా."

నందిని పుస్తకం మూసింది. వీధిలో ట్యాంకరు ఒకటి ఎవరి ఇంటికో రివర్సు తీసుకుంటోంది.

"ఇది ఎప్పుడు రాసినాడు?"

"పోయే ముందు దినం."

"నాయనకు ఈ దినమేనా ఆపరేషను?"

ప్రశాంతి తలూపింది. "నాయనమ్మది పెట్టినారు. ఇంకా పని మొదలు కాలా. సూడాలంట."

ఏడుస్తుందనుకుంది, ఎందుకు దాచారని అరుస్తుందనుకుంది. నందిని అట్టముక్క కింద పెట్టి, పరీక్షలకని నాయన ఇచ్చిపోయిన చేతిగడియారం విప్పి గాజుకు ఆనించి నిలబెట్టి, నేల మీద తల్లి మోకాలు పక్కన కూర్చుంది. ట్యూబు కొసన చుక్క ఉబ్బి, తెగి, నీళ్లలో పడింది. సెకండ్ల ముల్లు చూస్తూ పిల్ల లెక్కపెట్టసాగింది, ముప్పైమూడు, ముప్పైనాలుగు. తక్కువ పడుతున్నాయని చక్రం కొంచెం తిప్పింది. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.

"అమ్మా, బతికుండాయా ఇవి?"

"తెలీదు పాపా," అంది ప్రశాంతి. చెంబు అందుకుని తొట్టిలోంచి ఒక చెంబెడు నీళ్లు తీసి, గుల్లలు కదలకుండా, పక్కన బకెట్‌లో పోసింది.